పొలం మీద నుంచి విమానం

పొద్దున్నే గేదెకు గడ్డి వేస్తున్న రాజరత్నం, యూనిఫారంలో బయటికొచ్చిన కూతుర్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. వినీల మధురపూడి ఎయిర్‌పోర్టులో ఒక విమాన సంస్థ కౌంటరులో చేరిన నాటి నుంచి ఇంట్లో ఇదే వరస.

కారణం ఊరందరికీ తెలిసిందే. రన్‌వే పొడిగించినప్పుడు రాజరత్నం పొలం అందులో కలిసిపోయింది. తండ్రి పోయాక ఆ పొలం మీద వచ్చినదాంతోనే తమ్ముడు ఆరోన్‌ని పెంచాడు, చదివించాడు. అది పోయాక అటువైపు రోడ్డున వెళ్లడం కూడా మానేశాడు.

వినీల స్కూటీ తీస్తుండగా తల్లి సంపూర్ణమ్మ ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

“ఏవండీ, ఆరోన్‌కి గుండెపోటంట! హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం ఆపరేషనంట. ‘అన్నయ్యని చూడాలి’ అని ఒకటే కలవరిస్తున్నాడంట.”

రాజరత్నం చేతిలోని గడ్డి జారిపోయింది. “బస్సుకి పోతాను. బట్టలు సర్దు.”

“బస్సయితే చీకటిపడ్డాక గానీ చేరరు నాన్నా. మధ్యాహ్నం విమానం ఉంది,” అంది వినీల.

“ఆ నేల మీద నేను కాలు పెట్టను.”

“మరి బాబాయి?”

“ఆ పొలమంటే ఏంటో నీకేం తెలుసే! మీ అమ్మ నిన్ను గట్టు మీద పడుకోబెట్టి అక్కడే కలుపు తీసింది. ఇప్పుడు దాని మీద నిలబడి నవ్వుకుంటా ఉద్యోగం చేస్తున్నావ్!”

వినీల కళ్లు నిండాయి. “విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినా ఎందుకు వెళ్లలేదో ఎప్పుడైనా అడిగారా? అక్కడ నిలబడితే మన పొలంలో ఉన్నట్టే ఉంటుంది నాన్నా.”

ఎన్నడూ భర్తకు ఎదురు చెప్పని సంపూర్ణమ్మ ముందుకొచ్చింది.

“ఆ పొలం ఎవరి కోసం దున్నారండీ? ఆ పిల్లాడి కోసం కాదా? బయల్దేరండి.”

రాజరత్నం అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి కండువా తీసి భుజాన వేసుకున్నాడు.

విమానాలన్నీ డబ్బున్నోళ్లకే అనుకునేవాడు. ఎయిర్‌పోర్టులో ఆయన పక్కన పాలకొల్లు నుంచి వచ్చిన ఓ ముసలమ్మ, స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “బస్సులో నడుం నిలవదు బాబూ. ఇదయితే డాక్టరుగారికి చూపించుకుని రేపే ఇంటికొచ్చేస్తాను. చల్లగా ఉండాలి, ఇది కట్టినోళ్లు,” అంది. ఆయన తల దించుకున్నాడు.

వినీల దగ్గరుండి బోర్డింగ్ పాసు ఇచ్చి, గేటు దాకా చేయి పట్టుకుని నడిపించింది. విమానం రన్‌వే మీద వేగం అందుకుంటుంటే ఆయన అద్దానికి అరచేయి ఆనించాడు. తన పొలం ఎక్కడో గుర్తుపట్టలేకపోయాడు. కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర స్ట్రెచర్ మీద ఆరోన్ కళ్లు తెరిచాడు.

“అన్నయ్యా! ఇంత తొందరగా ఎలా వచ్చావు?”

“మన పొలం మీద నుంచే వచ్చాన్రా,” అన్నాడు రాజరత్నం, తమ్ముడి చేయి గుండెలకు హత్తుకుని.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆరోన్ కోలుకుని ఇంటికి చేరాక వచ్చిన ఆదివారం, చర్చిలో ఏనాడూ నోరు విప్పని రాజరత్నం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

“నా పొలం పోయిందని ఇన్నాళ్లూ దేవుణ్ణి నిష్ఠూరమాడానండి. నా తమ్ముణ్ణి నాకు దక్కించాడు. ఆయనకి వందనాలు.” ఆడవాళ్ల వరసలో కూర్చున్న కూతురి వైపు తిరిగి చేతులు జోడించాడు. “నా బిడ్డకి కూడా వందనాలండి.”

వినీల చున్నీలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.