సాక్షి కూడా నవ్వింది

ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాటలు ఆగిపోయి అప్పటికి తొమ్మిది రోజులు.

అత్తగారు ముప్పై రెండేళ్లు లెక్కల పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. కోపం వస్తే అరవదు. కోడలు గరిటె పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నా, "ఒరే అబ్బాయ్, కూరలో ఉప్పు తక్కువైందని వంట చేసినవాళ్లకి చెప్పు" అంటుంది కొడుకుతో. కరెంటు పని చేసే ఆ కొడుకు ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసి మోసి, "తీగలు మీరిద్దరూ, షాకు మాత్రం నాకు" అని వాపోయేవాడు.

జరిగింది ఇదీ. సరిహద్దుకి అవతలున్న ఆడపడుచు ఇంట్లో వారం ఉండి అత్తాకోడళ్లు బస్సులో తిరిగొస్తున్నారు. కుదుపులకి చిగుళ్లు నొప్పెడుతున్నాయని అత్తగారు పళ్లసెట్టు తీసి చిన్న డబ్బాలో పెట్టుకుంది. తనిఖీ గదిలో, మూడో కౌంటరు దగ్గర మీసాల అధికారి ఆవిడ సంచి బోర్లించి, ఆ డబ్బా మూత తీసి, పళ్లసెట్టుని రెండు వేళ్లతో పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇవి మీవేనని రుజువేంటి? ఒకసారి కరిచి చూపించండి" అన్నాడు. వరసలో ఉన్న నలభై మందీ గొల్లుమన్నారు. పళ్లు లేని నోటితో ఏం చెప్పబోయినా గాలే వచ్చింది. ఆసరా కోసం అత్తగారు కోడలి వైపు తిరిగింది... కోడలు నవ్వుతోంది.

అలసటో, ఆ 'కరిచి చూపించండి' అన్న మాటో... ఒక్క క్షణం, నవ్వు దానంతటదే వచ్చేసింది. ఆ తర్వాత కోడలు తను కుట్టుపని చేసే దుకాణంలో మిషను ముందు కూర్చుని రోజూ కుమిలిపోయింది పాపం. పదేళ్లుగా ఆవిడ గీసిన గీటు దాటలేదు. ఆ పదేళ్ల మంచితనమంతా ఒక్క నవ్వుతో బూడిదలో పోసిన పన్నీరైపోయింది కదా అని...

పదో రోజున అత్తగారు ఫిర్యాదు రాసింది. పదకొండు పేజీలు. మొదటి నాలుగు పేజీలూ ఆవిడ సర్వీసు గురించే, ఇంకా బస్సు ఎక్కనేలేదు.

కోడలు అరపూట సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ప్రయాణికుల సహాయ కార్యాలయానికి వెళ్లింది. అక్కడి గుమాస్తా ఓపిగ్గా చెప్పింది. "ఫారం ఒక్కటేనమ్మా. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ కౌంటరు, అధికారి చొక్కా మీది నంబరు, ఆయన ఏం చేశాడు, ఏమన్నాడు. అంతే రాయండి. టికెట్టు నకలు జత చేయండి. చూసినవాళ్లుంటే వాళ్ల మాట, సంతకం. ఇచ్చాక రసీదు నంబరు అడిగి తీసుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆ నంబరు వేసి పై ఆఫీసుకి రాయొచ్చు."

"సాక్షిని నేనేనండీ... కానీ నేనూ నవ్వాను."

గుమాస్తా కళ్లజోడు సర్దుకుంది. "అయితే అదీ రాయండి. ఒకటి దాస్తే మిగతాదీ నమ్మరు."

సాయంత్రం, కోడలు తెచ్చిన ఫారాన్ని కొడుకు తల్లి ముందు పెట్టి అధికారి నంబరు అడిగితే, అత్తగారు తడుముకోకుండా చెప్పింది. "నాలుగు వేల నూట ఎనభై ఒకటి. ముప్పై ఏడుతో భాగిస్తే శేషం ఉండదు." తర్వాత సాక్షి రాసింది చదివింది. 'అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది నా తప్పు.' ఎర్ర పెన్ను తీసి, "ఇంటి గుట్టు ఆఫీసువాళ్లకెందుకురా, ఇది కొట్టేస్తున్నానని చెప్పు" అంది.

"ఉండనివ్వండి అత్తయ్యా" అంది కోడలు. పదేళ్లలో ఎదురు చెప్పడం అదే మొదలు. పెన్ను ఆగిపోయింది.

ఫారం ఇచ్చిన మూడు వారాలకి విచారణకి రమ్మని ఇద్దరికీ కబురొచ్చింది. పై అధికారిణి ముందు మీసాలాయన తడబడలేదు. "సరదాకన్నానండీ. సొంత కోడలే నవ్వానని రాసింది. అంత అవమానమే అయితే ఆవిడెందుకు నవ్వుతుంది?"

కోడలు లేచి నిలబడింది.

"నవ్వానండీ. అందుకే ఆవిడకంత దెబ్బ తగిలింది. పరాయివాళ్లు నవ్వితే తట్టుకునేవారే... నా వైపు చూశారు. నా తప్పుకి ఇంట్లో నాకు రోజూ శిక్ష పడుతూనే ఉంది. ఈయన తప్పుకి పడేదేది? పెద్దావిడ వస్తువు ఈయన పైకెత్తి ఆడించబట్టే కదా అందరం నవ్వాం. సంచి వెతకడం ఈయన పని. మనిషిని నలుగురిలో నిలబెట్టి ఆడించడం ఎవరి పని?"

మీసాలాయన బల్ల వైపు చూశాడు. ఆయన్ని కౌంటరు నుంచి తప్పించారు, ఇకమీదట పెద్దవాళ్ల సంచులు తెర చాటున చూస్తామన్నారు, క్షమాపణ కాగితం మీద రాయించి ఇచ్చారు. అత్తగారు అందులో రెండు తప్పులు దిద్ది, మళ్లీ రాయించి మరీ తీసుకుంది.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"నీకింత గొంతుందని ఇన్నేళ్లూ తెలియనేలేదే" అంది అత్తగారు. కోడలితోనే, సూటిగా.

"మీరు సందిస్తేగా అత్తయ్యా" అనేసి, కోడలు నాలుక కరుచుకుంది.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "సరే, చెప్పు."

"ఏం చెప్పనండీ?"

"ఈ పదేళ్లలో చెప్పనివన్నీ. దిగడానికి ఇంకా నాలుగు గంటలుంది."

కోడలు కళ్లు తుడుచుకుంది. సీట్లో సర్దుకుని కూర్చుని, పెళ్లైన మర్నాటి నుంచీ మొదలుపెట్టింది.