అమ్మకు అప్పజెప్పిన పాఠం

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. భాగ్యవతి చేటలో బియ్యం చెరుగుతోంది. ఆవిడ చుట్టూ కూతురు కన్యాకుమారి పుస్తకం పట్టుకుని గానుగెద్దులా తిరుగుతోంది. పి.యు.సి. పరీక్షలు దగ్గర పడ్డప్పట్నుంచీ శ్రీకాకుళంలో ఆ ఇంట్లో రోజూ పొద్దున్న ఇదే తంతు.

పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. బట్టీ పట్టమంటే ఎవరైనా పడతారు. కుమారి లెక్క వేరు. పాఠం అమ్మకి తెలుగులో చెప్పాలి, అమ్మకి అర్థం కావాలి, అప్పుడే అది తనకి వచ్చినట్టు. భాగ్యవతి ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అయితేనేం, ఈ మధ్య ఆవిడకి జీవకణమంటే ఏమిటో తెలిసింది, ఆకు పచ్చగా ఎందుకుంటుందో తెలిసింది, కప్ప గుండెకి మూడు గదులని కూడా తెలిసింది. "కప్పకి మూడా? మనకి వంటిల్లు కలుపుకున్నా రెండే కదే!" అని ఆవిడ ఆశ్చర్యపోతే కుమారి పుస్తకం మూసేసి కడుపు పట్టుకుని నవ్వింది. కాలేజీలో కప్పని కోసొచ్చిన రోజు మాత్రం ఆ నవ్వు లేదు. వైశ్యులింట పుట్టి ఇదేం పనే అంటూ నాయనమ్మ నారాయణమ్మ నూతి దగ్గర చేదలకి చేదలు నెత్తిన గుమ్మరించాక గానీ గడప తొక్కనివ్వలేదు.

ఆ నారాయణమ్మ ఇప్పుడు వసారాలో కూర్చుని, కొడుకు కొట్టుకి పంపాల్సిన చింతపండులో గింజలు తీస్తోంది. భాగ్యవతి ఇటు నుంచే కేకేసింది.

"ఒసే కుమారీ, కాఫీ సల్లారిపోతందని ఆవిడకి సెప్పు."

"తాగీసినానని మీ అమ్మకి సెప్పు," అంది నారాయణమ్మ అటు నుంచి.

మధ్యలో కుమారి నోరు విప్పక్కర్లేదు. అత్తాకోడళ్ళ మధ్య పదమూడేళ్ళుగా మాటల్లేవు. అలాగని భాగ్యవతి అత్తగారికి లోటు చేసిందా అంటే, ఎవరూ వేలెత్తి చూపలేరు. వేళకి అన్నం, జ్వరమొస్తే కషాయం, చలికి దుప్పటి, అన్నీ అమరుతాయి. మాట ఒక్కటే లేదు.

కారణం ఆ వీధిలో అందరికీ తెలుసు. పెద్దకూతురు మాణిక్యం, తరవాత కుమారి పుట్టాక భాగ్యవతికి ఓ కొడుకు పుట్టాడు. పేరు చినబాబు. ఏడాది నిండకుండానే చెవులు కుట్టించాలని నారాయణమ్మ ముచ్చటపడింది. భాగ్యవతి అప్పుడు జ్వరంతో మంచాన ఉంది. నేను లేచాక చూద్దాం అత్తా అని బతిమాలింది. ఈవిడ వింటేనా! ముహూర్తం దాటిపోతోందని పిల్లాణ్ణి చంకనేసుకుని కంసాలి దగ్గరికి వెళ్ళిపోయింది. కుట్టిన చోట రక్తం ఆగలేదు. పసుపు పెట్టారు, సున్నం పెట్టారు, ఆస్పత్రికి తీసుకెళ్తే కట్టు కట్టారు. కట్టు తడిసిపోయేది, మళ్ళీ కట్టేవారు. వారం తిరక్కుండా పిల్లాడు పోయాడు.

"నీ సేత్తో సంపేసావు నా కొడుకుని."

భాగ్యవతి అత్తగారితో నేరుగా అన్న ఆఖరి మాట అదే. నారాయణమ్మ ఆ మాటకి ఏనాడూ ఎదురు చెప్పలేదు. కోడలి ముందు తలెత్తను కూడా లేదు.

భాగ్యవతి భర్త వెంకటరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"రేపు నెల్లిమర్ల ఎల్లి మాణిక్యాన్ని తీసుకొస్తాను. ఏడో నెల ఎళ్ళిపోతాది, తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాల కదా అని వియ్యపురాలు కబురెట్టింది. ఆవిడ హుషారు సూడాల! మనవడే పుడతాడని బంగారు పోగులు కూడా సేయించేసిందట. బారసాలనాడే సెవులు కుట్టించీమంటంది."

భాగ్యవతి చేతిలో చేట ఒక్కసారి ఆగి మళ్ళీ ఆడింది. "మన ఇంట్లో ఆ పని ఆవిడ సేతికి ఇవ్వకండి, అంతే," అంది వసారా వైపు చూడకుండానే. వసారాలో నారాయణమ్మ తల ఇంకాస్త వంగింది. కుమారి పుస్తకంలో ఒక పేజీ గబుక్కున తిప్పేసింది.

"ఏటే, పాఠం ఆపేసావు? ఇవాళేటి?"

"వంశపారంపర్యం. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలాగొస్తాయో."

"దానికీ ఒక పుస్తకమా? నీ ముక్కు మీ నాన్నది, నీ మొండితనం మీ నాన్న తల్లిది. అయిపోనాది పాఠం."

కుమారి వసారాలోకి వెళ్ళి గుప్పెడు చింతగింజలు, డబ్బాలోంచి ఒక చిక్కుడు గింజ తెచ్చి అమ్మ ముందు పరిచింది. ఆడదానికి రెండు చింతగింజలుంటాయంది. మగవాడికి ఒక చింతగింజ, ఒక చిక్కుడు గింజ. పుట్టే బిడ్డకి తల్లి ఒకటిస్తుంది, తండ్రి ఒకటిస్తాడు. తల్లి దగ్గర చింతగింజ తప్ప మరోటి లేదు. తండ్రి చింతగింజ ఇస్తే ఆడపిల్ల, చిక్కుడు గింజ ఇస్తే మగపిల్లాడు.

భాగ్యవతి ఆ గింజల్ని అటూ ఇటూ జరిపి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అంటే ఆడపిల్లని ఇచ్చింది మగాడన్నమాట! ఏవండీ, ఇనబడతందా? నాకు వరసగా ఇద్దరు ఆడపిల్లలు పుడితే మీ వీధంతా నా మొహం సూసి మూతులు తిప్పింది కదా. సూడండి, గింజ మీది!"

"కొట్టుకి టైమైపోనాది," అంటూ వెంకటరావు చెప్పులేసుకుని చల్లగా జారుకున్నాడు. భాగ్యవతి ఎన్నాళ్ళకో అంత గట్టిగా నవ్వింది.

"బాగుందే ఈ పాఠం. తరవాత?"

"అంతేనమ్మా."

"అంతేటి? ఇంకా రెండు పేజీలున్నాయి కదా."

"అది పరీక్షకి రాదు."

"రాందానికి ఎర్ర పెన్సిలుతో గీతలెందుకు గీసావు? నాకు ఇంగ్లీషు రాదు గానీ కళ్ళున్నాయే. సెప్పు."

కుమారి నిలబడ్డ చోటే చతికిలబడింది. గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"అప్పని తీసుకొచ్చేలోగా నీకు సెప్పాలనే అనుకుంటన్నాను. ధైర్యం సాల్లేదు. కొందరికి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంటాదమ్మా. రక్తం గడ్డకట్టదు. సూది గుచ్చుకున్నా, పన్నూడినా రక్తం ఆగదు."

భాగ్యవతి చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి.

కుమారి రెండు చింతగింజలు తీసి ఒకదాని మీద గోటితో గీరింది. "ఇది పుచ్చు గింజ అనుకో. ఆ జబ్బు దీన్లో ఉంటాది. తల్లికి రెండో గింజ మంచిది కాబట్టి ఆవిడకేటీ అవదు. తనకి ఉందని తెలీను కూడా తెలీదు. కొడుక్కి సింతగింజ ఒక్కటే కదా. ఆ ఒక్కటీ పుచ్చుదే వస్తే, వాణ్ణి కాసేది ఇంకోటి లేదు."

"అది ఎవరిచ్చిన గింజ?"

"తల్లి."

"తండ్రి కాదా?"

"తండ్రి కొడుక్కిచ్చేది సిక్కుడు గింజమ్మా."

భాగ్యవతి చేటని ఒక్క తోపు తోసి లేచింది. బియ్యం ఇల్లంతా చెల్లాచెదురయ్యాయి. గింజలు గోడకి కొట్టుకున్నాయి.

"ఎవడే ఆ పుస్తకం రాసింది? నా కడుపులో దూరి సూసాడా ఆడు? నా కొడుకు బంగారంలా ఉండీవాడు! సంపింది అదుగో, ఆ వసారాలో కూకున్న మనిషి! ఒగ్గీమంటే ఒగ్గకుండా ఎత్తుకెళ్ళి సంపింది. ఇప్పుడు నువ్వు సదువుకొచ్చి నన్నంటావా? కాల్సీ ఆ పుస్తకాన్ని!"

"మామ్మ సంపలేదమ్మా!" కుమారి ఏడుస్తూ అరిచింది. "ఆవేళ కాకపోతే పళ్ళొచ్చినప్పుడో, ఎక్కడో పడ్డప్పుడో అయ్యీది. పాకేటప్పుడు మోకాళ్ళు నల్లగా కమిలిపోయేవని నువ్వే సెప్పీదానివి కదా! మా మేడమ్ని అడిగాను. మీ అమ్మగారి అన్నదమ్ములకి ఎవరికైనా ఉందా అని అడిగింది. నాకు మావయ్యలే లేరు కదా, లేదన్నాను. అది కాకపోతే బాగుణ్ణమ్మా. నాకు మాత్రం కావాలని ఉంటాదా?"

భాగ్యవతి గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

"ఉండీవోడే. కూర్మయ్య. నా తమ్ముడు."

కూర్మయ్యకి ఆరేళ్ళప్పుడు పాలపన్ను కదిలింది. దారం కట్టి లాగింది పదేళ్ళ భాగ్యవతే. నోట్లో రక్తం ఆగక, మింగీ మింగీ, వాడు అమ్మ ఒళ్ళోనే పోయాడు. అమ్మవారు తీసుకెళ్ళిపోయిందంది వాళ్ళమ్మ. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ వాడి ఊసెత్తలేదు. భాగ్యవతి కూడా పెళ్ళయి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. తమ్ముడూ కొడుకూ ఒక్కలాగే పోయారని ఆవిడకి ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా తట్టలేదంటే తట్టలేదు మరి! తిట్టడానికి ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఇంకోవైపు చూడాలని ఎవరికి తోస్తుంది?

"మందుందా?"

"లేదమ్మా. ఎక్కడో రాణిగారి వంశంలో కూడా వచ్చిందట ఈ జబ్బు."

"ఆవిడ దగ్గర డాక్టర్లు ఉండుంటారు కదా. బతికించారా?"

"పోయినోళ్ళు పోయారు."

భాగ్యవతి లేచింది. చెదిరిన బియ్యం తొక్కుకుంటూ వసారాలోకి వెళ్ళి అత్తగారి ముందు నిలబడింది.

"అత్తా."

నారాయణమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలుస్తోందనుకుని. భాగ్యవతి ఆవిడ కాళ్ళ మీద పడిపోయింది.

"నువ్వు కాదత్తా. నా కడుపే వాణ్ణి సంపింది. పదమూడేళ్ళు నీకు పెట్టిన ప్రతి ముద్దలోనూ ఆ మాట కలిపి పెట్టాను. ఎలాగ తిన్నావత్తా? ఒక్క రోజైనా నన్ను తిట్టలేకపోయావా?"

"ఇన్నానే, అంతా ఇన్నాను. లెగు." నారాయణమ్మ చింతపండు జిగురు చేతులతోనే కోడలి తల పట్టుకుంది. "ఎలాగ తిట్టను? నేనే సంపినాననుకున్నాను. ఒక్క పూటయినా ముద్ద దిగినాదేటి నాకు?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ముందు తేరుకున్నది ముసలావిడే.

"ఒసే భాగ్యం, ఈ మాట ఈ గడప దాటకూడదు."

"ఎందుకత్తా? వీధి వీధంతా నిన్ను అన్నాది. నేనే ఇంటింటికీ ఎల్లి సెప్తాను."

"సెప్పి? మాణిక్యం కడుపుతో ఉన్నాది. పుచ్చు గింజ దానికీ ఉన్నాదని అత్తోరికి తెలిస్తే గడప తొక్కనిస్తారా? ఆ నింద నా మీదే ఉండనీ. నాకిప్పుడు కొత్తగా పోయే పరువేటి ఉన్నాది?"

"ఉందో లేదో తెలీదు మామ్మా," అంది కుమారి గుమ్మంలోంచి. "అమ్మ రెండు గింజల్లో ఏది వచ్చిందో ఎవరికీ తెలీదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కానీ సెప్పకపోతే ఆ పోగులు? బారసాలనాడే కుట్టించేస్తారట కదా!"

చెబితే కూతురి కాపురం పోతుంది. చెప్పకపోతే పుట్టేవాడి ప్రాణం పోవచ్చు. భాగ్యవతి పిచ్చిదానిలా ఇద్దరి మొహాలూ చూసింది. నారాయణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మొక్కున్నాదని సెప్దాం. సినబాబు పోయినప్పుడు ఈ ముసిల్ది మొక్కుకున్నాది, ఈ ఇంటి ఆడపిల్లల కొడుకులకి సెవులు కుట్టకూడదు, కుడితే ఈ ముసిల్దే సచ్చిపోతాది అని. రేపు అబ్బాయితో నేనూ నెల్లిమర్ల ఎల్తాను. వియ్యపురాలి సేతులు పట్టుకుని ఒప్పిస్తాను. పిచ్చి ముసిల్దనుకుంటాది. అనుకోనీ."

"వాడు పడిపోకుండా మొక్కగలవా అత్తా? పాలపళ్ళు ఊడకుండా మొక్కగలవా?"

పొయ్యి మీద ఎసరు పొంగి నిప్పుల మీద పడి చుయ్యిమంటోంది. ఎవరూ లేవలేదు.

ముసలావిడ కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"ఏటే, మరి ఆడపిల్ల పుడితేనో? ఆడపిల్లకేటీ అవదని కదా ఇది సెప్పినాది. ఆడపిల్లయితే గండం గడిసినట్టేనా?"

కుమారి నోరు తెరవబోయింది. భాగ్యవతి కళ్ళతోనే వద్దంది. మిగిలిన పాఠం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. తన తల్లి ఆడపిల్లే, తనూ ఆడపిల్లే. ఆ గింజ అలా ఆడపిల్లల్లోనే దాక్కుని ఇక్కడిదాకా వచ్చింది.

"గడిసినట్టేనత్తా. ఆడపిల్లయితే మరే బయమూ లేదు."

"నిజంగానేనా?"

"నిజంగా."

బతుకంతా మనవడు కావాలని దేవుళ్ళని వేధించిన నారాయణమ్మ గబగబా తూర్పుకి తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "అయితే ఆడపిల్లనే ఇయ్యి తల్లీ, ఆడపిల్లనే ఇయ్యి," అంటూ ఏడుస్తూనే నవ్వింది. భాగ్యవతి అత్తగారి పక్కనే కూర్చుని తనూ చేతులు జోడించింది. ఆ గింజ మాణిక్యానికి వచ్చే వీలెంతో కుమారికీ అంతే కదా అని అప్పుడు తోచిందావిడకి. కూతురు వైపు చూడలేక కళ్ళు మూసుకుంది.