నిత్యనూతన చీరకు పడిన ముడి

దమయంతమ్మ కాఫీ వడపోస్తుండగా ఆమె చీర మామిడాకు పచ్చ నుంచి వంకాయ రంగుకు మారింది. అంచు మీద హంసలు ఒక్కటొక్కటిగా తేలి వచ్చాయి. ఆమె తల ఎత్తలేదు. వారం రోజులుగా ఇదే వరస.

"కదలకండి పిన్నిగారూ," అంది హిమజ, చేతిలో టాబ్లెట్ చూసుకుంటూ. "మోకాలి దగ్గర ఒక హంసకు తల రాలేదు."

"వస్తుందిలే. నా మోకాలి నొప్పి దానికీ అంటుకున్నట్టుంది."

హిమజ సైంటిస్టు. దమయంతమ్మ ఇంట్లోనే మేడ మీద అద్దెకుంటోంది. ఆ చీర ఆమె కనిపెట్టిన బట్ట. చూడడానికి మాయలా ఉంటుంది గాని సంగతి తేలికే. దారంలో కంటికి ఆననంత చిన్న గుళికలుంటాయి, వాటిని మైక్రోక్యాప్సూల్స్ అంటారు. ఒక్కో గుళికలో రకరకాల రంగుపొడులు. కాస్త కరెంటు తగిలితే కోరిన రంగు పైకి తేలుతుంది, మిగతావి అడుగుకు పోతాయి. తేలిన రంగు మళ్ళీ కరెంటు తగిలేదాకా అలాగే నిలిచిపోతుంది. ఏ రంగు తేలాలో ఫోన్‌లోని యాప్ చెబుతుంది. ఆ కబురు అందుకునే యాంటెన్నా తీగ కొంగు అంచులో సన్నగా అల్లి ఉంటుంది.

యాప్ పేరు నిత్యనూతన. దాని యజమాని ప్రద్యుమ్న అనే కుర్రాడు. డిజైన్ ఏదైనా అందులోనే కొనుక్కోవాలి, సాయంత్రానికి దాని గడువు తీరిపోతుంది. తీరగానే చీర గోనెసంచి రంగుకు తిరిగిపోతుంది. మర్నాటికి మళ్ళీ కొనుక్కోవలసిందే. ఈ లెక్కన తన కంపెనీ విలువ ఒక ఓడరేవంత అని ప్రద్యుమ్న ఊరంతా చెప్పుకున్నాడు. ఇంతవరకూ తయారైన చీర మాత్రం ఒక్కటే. అది దమయంతమ్మ ఒంటి మీద ఉంది.

మర్నాడే విశాఖ బీచ్ రోడ్డులోని పెద్ద హాల్లో ఇన్వెస్టర్లకు ఆ చీర చూపించబోతున్నారు. టీవీలో లైవ్ కూడా.

"వాళ్ళు నిజంగా డబ్బు పెడతారా?" అని హిమజ అడిగితే, "పెట్టకపోయినా నష్టం లేదండీ. వచ్చి చూశారని నలుగురికీ తెలిస్తే చాలు," అన్నాడు ప్రద్యుమ్న.

పెద్ద వయసువాళ్ళు కూడా సులువుగా వాడొచ్చని చూపించడానికి దమయంతమ్మను ఎంచుకున్నారు. స్టేజి మీద ఆమె నాలుగు వాక్యాలు చెప్పాలి. వినడానికి ఎంత పని. కానీ వారం నుంచి ఆమెకు నిద్ర సరిగ్గా లేదు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఊళ్ళో సగం నంబర్లు నోటికి చెప్పిన మనిషి. మొన్న బ్యాంకులో తన సొంత నంబరు అడిగితే సగంలో ఆగిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ నాలుగు వాక్యాలూ అందరి ముందూ తప్పు లేకుండా చెప్పగలిగితే, బుర్ర ఇంకా తన చేతిలోనే ఉందని ఆమెకు ధైర్యం. చెప్పలేకపోతే మాత్రం ఆ విషయం ఇక దాచుకోవడం కుదరదు.

ఆ సాయంత్రం హిమజ ఆఫీసుకు వెళ్ళిపోయాక దమయంతమ్మకు ఒక ముఖ్యమైన సంగతి కంటపడింది. ఫోన్ చేస్తే హిమజ ఎత్తలేదు. ఉదయానికల్లా మర్చిపోతానేమోనని భయమేసి, ఎప్పటి అలవాటు ప్రకారం కొంగు చివర చిన్న ముడి వేసుకుంది.

ఉదయం లేచి చూస్తే ముడి ఉంది. సంగతి లేదు. ఎంత తవ్వినా పైకి రాలేదు. నాలుగు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉన్నాయి. అదే పదివేలనుకుని, కనకాంబరం రంగులో ఉన్న ఆ చీర కట్టుకుని కారెక్కింది. ఛార్జ్ ఆదా కావాలని, స్టేజి ఎక్కేదాకా రంగు మార్చొద్దని ప్రద్యుమ్న ముందే చెప్పి ఉంచాడు.

హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో ఇన్వెస్టర్లు, వాళ్ళ మధ్యలో పెద్దాయన నరహరి గారు. ప్రద్యుమ్న టాబ్లెట్ ఆయన చేతికిచ్చి, "మీకు నచ్చిన డిజైన్ నొక్కండి సార్," అన్నాడు.

ఆయన నెమలికంఠం రంగు నొక్కారు. చీర కనకాంబరంగానే ఉంది. గళ్ళ చీర నొక్కారు. కనకాంబరమే. పక్కావిడ కలంకారీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

ప్రద్యుమ్న నుదురు తుడుచుకుని, "ఈలోగా అమ్మగారు రెండు మాటలు చెబుతారు," అన్నాడు.

దమయంతమ్మ గొంతు సవరించుకుంది. "నా పేరు దమయంతి. నా చీర నా మాట వింటుంది. కన్ను మూసి తెరిచేలోగా రంగు మారుస్తుంది. కావాలంటే ఇప్పుడే చూడండి."

అందరూ చూశారు. చీర కదల్లేదు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. దమయంతమ్మకు అదేమీ పట్టలేదు. ఒక్క మాట తప్పలేదు, ఒక్కచోట తడబడలేదు. ఎక్స్ఛేంజిలో మొదటి కాల్ కలిపిన రోజున కూడా అంత సంతోషపడలేదు. చేతులు జోడించి నవ్వుతూ నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

పరుగున స్టేజి ఎక్కిన హిమజ కొంగు పట్టుకుని చూసింది. "పిన్నిగారూ, ఈ ముడేమిటి?"

"ఏదో మర్చిపోకూడదని వేసుకున్నానమ్మా. అదేమిటో గుర్తు రావడం లేదు."

మైకు ఆ మాటను హాలంతటికీ వినిపించింది. ఈసారి నవ్వినవాళ్ళలో ఎక్కువమంది ఆవిడ వయసువాళ్ళే.

"యాంటెన్నా తీగ మెలిక పడింది. కబురు అందడం లేదు," అని హిమజ ముడి విప్పింది. అంతే. దారిలో ఆగిపోయిన డిజైన్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. నెమలికంఠం, గళ్ళు, కలంకారీ తీగలు ఒకదాని వెనక ఒకటి దమయంతమ్మ చుట్టూ పారాయి. ఆమె చిన్నపిల్లలా గిర్రున ఒక చుట్టు తిరిగింది. జనం లేచి నిలబడ్డారు.

"ఆ కలంకారీ బాగుంది," అన్నారు నరహరి గారు. "ఏదీ, మళ్ళీ ముడి వెయ్యండమ్మా."

ముడి వేసింది. కలంకారీ నిలిచిపోయింది.

వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది. "అంటే ముడి వేస్తే సాయంత్రమైనా పోదా?"

"పోదు," అంది హిమజ. సైంటిస్టు కదా, అబద్ధం నోటికి రాలేదు. "గడువు తీరిందన్న కబురు కూడా ఆ తీగలోంచే అందాలి."

"అయితే బాబూ," అన్నారు నరహరి గారు ప్రద్యుమ్నతో, "ఒక్కసారి కొనుక్కుని ముడేసుకుంటే, ఇక నీ యాప్‌తో పనేముంది?"

ప్రద్యుమ్న కోరుకున్న ప్రచారం కోరుకున్నదానికన్నా ఎక్కువే దొరికింది. ఆ ముడిని దేశమంతా చూసింది. ఓడరేవంత కంపెనీ ఆ వారంలోనే కిళ్ళీకొట్టంత అయింది. హిమజ బట్టకు మాత్రం మగ్గాలు చాలలేదు. చివరికి ప్రద్యుమ్నే ఆ బట్ట అమ్మే దుకాణం తెరిచి, యాప్ నడిపిన రోజుల్లో కన్నా నిశ్చింతగా ఉన్నాడు.

కొన్నాళ్ళకు దమయంతమ్మ కొత్తగా వేసిన ట్రామ్‌లో బీచ్ రోడ్డు మీద వెళుతోంది. ఎటు చూసినా ఆడవాళ్ళ కొంగులకు ముళ్ళే. ఎవరికి నచ్చిన రంగు వాళ్ళ ఒంటి మీద నిలిచిపోయి ఉంది. వాళ్ళను చూస్తూ తన ముడిని వేళ్ళతో తడుముకుంటుంటే, ఉన్నట్టుండి ఆనాటి సంగతి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం మందు వేసుకోవడం మర్చిపోకూడదని ముందొక ముడి వేసింది. వెయ్యగానే, తన ఫోన్‌లో ఏ డిజైన్ నొక్కినా చీర రంగు మారడం ఆగిపోయింది. మందు వేసుకుని విప్పితే మళ్ళీ మొదలైంది. ముడి వేస్తే చీర పని చెయ్యడం లేదని హిమజకు తప్పకుండా చెప్పాలనుకుంది. ఆ మాట మర్చిపోకూడదనే మళ్ళీ ముడి వేసుకుంది.

దమయంతమ్మకు నవ్వు ఆగలేదు. పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది. వెంటనే హిమజకు చెబుదామంటే ఫోన్ ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఇల్లు చేరేలోగా ఈ సంగతి మళ్ళీ జారిపోతే ఎలా? ఉన్న ముడి విప్పితే కలంకారీ పోతుంది. కాసేపు ఆలోచించి, దాని పక్కనే రెండో ముడి వేసుకుంది.

పక్క సీటావిడ ఆ రెండు ముళ్ళనూ పరీక్షగా చూసింది. దమయంతమ్మ దిగే స్టాపు వచ్చేసరికి ట్రామ్‌లో మరో ఇద్దరు తమ కొంగులకు రెండో ముడి వేసుకుంటున్నారు.