పన్నెండో జత

కంప్యూటర్ చచ్చిపోయిందని చెప్పడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పనే. వినేవాళ్లు రెండు రకాలు. కొందరు తిడతారు, కొందరు బతిమాలతారు. ఆ రోజు నేను వెళ్లిన షాపులోని ఆవిడ రెండూ చేయలేదు. చేతిలో ఉన్న కొలత టేపుని వేలికి చుట్టుకుంటూ, ఎప్పటికి బతుకుతుందని అడిగింది.

"బతకదండీ. మదర్‌బోర్డు పోయింది. ఇలాంటిది ఇప్పుడు మ్యూజియంలో కూడా దొరకదు."

"మీరు మ్యూజియంలో వెతికారా?"

నేను వెతకలేదు. వెతకలేదని ఒప్పుకునేసరికే నా చెవులు వేడెక్కాయి. ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను, అలా అడిగినవాళ్లు ఎవరూ లేరు.

అది బూట్లు కుట్టే షాపు. అందరికీ కుట్టరు. షాపుల్లో దొరికే బూట్లు పట్టనివాళ్లకే కుడతారు. ఒక కాలు పెద్దదై ఒకటి చిన్నదైనవాళ్లు, వేళ్లు వంకరపోయినవాళ్లు, మడమకి ఆపరేషన్ అయినవాళ్లు క్లినిక్ నుంచి చీటీ పట్టుకుని ఇక్కడికి వస్తారు. ఆవిడ కాగితం మీద వాళ్ల పాదం చుట్టూ గీత గీసి, టేపుతో కొలిచి, అన్నీ ఒక కార్డు మీద రాసుకుంటుంది. తర్వాత కంప్యూటర్లో ప్యాటర్న్ గీస్తుంది. పెద్ద ప్రింటర్ దాన్ని అసలు సైజులో తీస్తే, దాని ప్రకారం ఆవిడ నాన్న తోలు కత్తిరించి కుడతారు. ఆయన్ని అందరూ మేస్త్రి గారంటారు.

చిక్కంతా ఆ ప్యాటర్న్ గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటర్ల మీద అది తెరుచుకోదు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని నేను పెద్దమనిషిలా సలహా ఇచ్చాను.

"ఇందులో ఆరు వందల నలభై మంది ప్యాటర్న్‌లు ఉన్నాయి. అవి కొత్తదాంట్లో తెరుచుకుంటాయా?"

"తెరుచుకోవు. మళ్లీ అందరినీ పిలిచి కొలుచుకోవాలి."

"వాళ్లలో సగం మంది నడిచి రావాలంటే మేం కుట్టిన బూట్లే కావాలండీ."

పాత హార్డ్ డిస్క్ ఒక్కటి ఊడదీసుకుని, తోక ముడిచి ఆఫీసుకి వెళ్లిపోయాను.

మూడు రోజుల తర్వాత కొత్త కంప్యూటర్ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాను. దాంట్లో వర్చువల్ మెషీన్ తయారుచేశాను. కొత్త కంప్యూటర్ కడుపులో ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌ని నమ్మించడమే అది. లోపల పాత విండోస్, ఆ విండోస్‌లో ఆవిడ సాఫ్ట్‌వేర్, దాంట్లో ఆరు వందల నలభై మంది కాళ్లు. బటన్ నొక్కగానే తెర మధ్యలో చిన్న కిటికీ తెరుచుకుని, ఆ చచ్చిపోయిన కంప్యూటర్ తన పాత రంగులతో, పాత గంట మోతతో లేచి కూర్చుంది.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు గదిలో సూది ఆపి మేస్త్రి గారు లేచి వచ్చారు. "దీన్ని పూడ్చేశాం అనుకున్నానే" అన్నారు. ఆవిడ ఒక ఫైలు తెరిచింది, ఇంకోటి తెరిచింది, నాలుగోదానికి కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి చూసింది.

నేను పడిపోయాను. దీనికి ఇంతకంటే గొప్ప మాట నా దగ్గర లేదు.

వెళ్లేముందు ఆ వర్చువల్ మెషీన్‌కి స్నాప్‌షాట్ తీశాను. ఆ క్షణానికి అది ఎలా ఉందో అలాగే మొత్తాన్ని దాచిపెట్టుకోవడమన్నమాట. ఏదైనా చెడితే ఒక్క క్లిక్‌తో వెనక్కి వచ్చేయొచ్చని గర్వంగా చెప్పాను. వెనక్కి వస్తే ఆ తర్వాత లోపల దాచినవన్నీ పోతాయి కాబట్టి, గీసినవి మాత్రం బయట, కొత్త కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్లో సేవ్ చేయమన్నాను. మూడో రోజు ఆవిడ ఫోన్ చేసి, ఈ ముసలి సాఫ్ట్‌వేర్ బయట ఫోల్డర్ని ఒప్పుకోవడం లేదంది. ప్రస్తుతానికి లోపలే సేవ్ చేయండి, వచ్చి చూస్తానన్నాను.

వచ్చాను కూడా. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఫ్యాన్ శబ్దం చూడాలని, కేబుల్ మార్చాలని, ఊరికే చెక్ చేయాలని. ఆ గదిలోకి దుమ్ము రాకూడదని వీధి గుమ్మం దగ్గరే బూట్లు విప్పించేవారు. చిల్లున్న సాక్సు కనపడకుండా కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ఆవిడ గీస్తుంటే చూసేవాణ్ణి. నాలుగోసారి ఆవిడ, "మీ మెషీన్‌కి పసిపిల్లలకి వేసినట్టు నెలనెలా టీకాలు కూడా వేయాలా?" అని అడిగింది. ఇంత పని చేసినవాణ్ణి ఆ సేవ్ సంగతి మాత్రం మర్చిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పొద్దున్నుంచి ప్రింటర్ అన్నిటినీ కాస్త చిన్నవి చేసి తీస్తోందట. నేను వెళ్లేసరికి ఆవిడ క్లినిక్‌కి వెళ్లింది. మేస్త్రి గారు తలుపు తీశారు. ఆవిడ వచ్చేలోపు బాగుచేసి మార్కులు కొట్టేయాలని నా తాపత్రయం. ఎక్కడ చెడిందో వెతికే ఓపిక లేక స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పేశాను. ఇప్పుడున్న స్థితిని దాచమంటారా అని అది మర్యాదగా అడిగింది కూడా. అక్కర్లేదన్నాను. పది సెంటీమీటర్ల చదరం ఒకటి ప్రింట్ తీసి స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా పది వచ్చింది. ఈల వేసుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ వచ్చింది, చదరం చూసి మెచ్చుకుంది, ఫోల్డర్ తెరిచింది. కింది దాకా దించి, మళ్లీ పైదాకా చూసింది.

"నా ఫైళ్లేవి?"

"అన్నీ ఉన్నాయిగా, ఆరు వందల నలభై."

"ఈ తొమ్మిది రోజుల్లో గీసినవి. పన్నెండు."

కాళ్ల కింద నేల కదిలిపోయింది అంటారే, అది మాట వరసకి కాదని ఆ రోజు తెలిసింది. ఆ ఫోన్, నేనన్న మాట, నొక్కిన బటన్ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ముందు గదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. మంగళవారం పొద్దున క్లినిక్‌లో డాక్టరు ఆ ప్యాటర్న్‌లు చూసి ఒప్పుకోవాలని, ఈసారి ఆలస్యమైతే పని వేరే షాపుకి ఇచ్చేస్తామని ఆయన ముందే చెప్పారని అప్పుడు తెలిసింది. ఆ ఆర్డర్లన్నీ శుక్రవారం ఒకేసారి ప్రింట్ తీద్దామనుకుంటే ప్రింటర్ మొరాయించడంతో, సరైన సైజులో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు.

పోయిన ఫైళ్ల కోసం నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. సాయంత్రం దాకా వెతికినా ఒక్కటీ దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నా వంతైంది. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆవిడ మాత్రం చెత్తబుట్ట బోర్లించి కాగితం ముక్కల్లో దేనికోసమో వెతికింది, దొరకలేదు. తర్వాత కొలతల కార్డులు బల్ల మీద పరిచింది.

"మీకు గీయడం వచ్చా?"

"రాదు."

"చదవడం?"

"వచ్చు."

"అయితే రేపు పొద్దున రండి."

శని, ఆది, సోమ మూడు రోజులూ నేను కార్డులు చదివాను, ఆవిడ గీసింది. గీసిన ప్రతిదీ పది నిమిషాలకోసారి బయటికి కాపీ అయ్యేలా అన్నిటికంటే ముందు చేశాను. మడమ చుట్టూ ఇంత, వేళ్ల మొదట్లో ఇంత, పాదం మీద ఇంత. మొదటి రోజు అంకెలు తప్ప మా మధ్య మాటల్లేవు. రెండో రోజు నేనొక అంకె తప్పు చదివితే, ఈ కొలతకి మనిషికి కాదు బాతుకి బూటు వస్తుందంది. ఆ బాతు పుణ్యాన నాకు కాస్త ఊపిరి తిరిగింది.

పదకొండోది సోమవారం మధ్యాహ్నం అయిపోయింది. బయట వాన దంచి కొడుతోంది. ప్రింటర్‌లోంచి కాగితం మెల్లగా జారుతోంది. ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి గానీ మొహం తేలికపడింది. పన్నెండో కార్డు ఇవ్వమన్నాను.

"దానికి కార్డు లేదు."

"కార్డు లేకుండా ఎలా గీశారు?"

"గీశాను. పోయింది. వదిలేయండి."

ఆ మాట అంటూ ఆవిడ కిటికీ వైపు తిరిగింది, చెవి దగ్గర ఎర్రబడింది. నా బుర్ర అక్కర్లేని చోట పాదరసంలా పనిచేస్తుంది. కొలవకుండానే కాలి కొలతలు తెలిసేంత దగ్గరివాడు ఎవరో ఉన్నాడన్నమాట. ఆరడుగులు ఉంటాడు. పర్వతాలెక్కుతాడు. వాడి సాక్సులకి చిల్లులుండవు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి పాదాల మీద నాకు అక్కడికక్కడే పగ పుట్టింది. పనైపోయిందిగా, వెళ్తానని లేచాను. ఆవిడ ఆపలేదు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి గారు సగం కుట్టిన ఎడమకాలి బూటు పట్టుకుని లోపలికి కేకేశారు. గురువారం ప్రింటర్ మీద ఒక కాగితం ఉంటే ఆర్డరే అనుకుని తీసుకెళ్లి కత్తిరించేశారట. ఇప్పుడు చూస్తే ఆ పదకొండు కార్డుల్లో దేనికీ సరిపోవడం లేదట.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, అది ఊరికే గీశాను. ఇటివ్వు."

మేస్త్రి గారు ఇవ్వలేదు. వాన జల్లుకి తడుస్తున్నాయని గుమ్మం పక్కనున్న నా బూట్లు వంగి లోపలికి తీశారు. తీస్తూ, చేతి అలవాటు కొద్దీ తిరగేసి అరుగుదల చూశారు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చూశారు. తర్వాత తన చేతిలోని బూటుని, నన్ను, కూతుర్ని వరసగా చూశారు.

"కుడి మడమ లోపలికి, ఎడమది బయటికి" అన్నారు నెమ్మదిగా. "నలభై ఏళ్లలో ఇలా అరిగిన జత నేను చూళ్లేదు. నేను కత్తిరించిన కాగితం గీసిందీ సరిగ్గా ఇలాంటి కాలికే. తల్లీ, ఈ బాబు కాలు ఎప్పుడు కొలిచావు?"

నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఈగ దూరినా తెలిసేది కాదు. పర్వతాలెక్కేవాడు లేడు. తొమ్మిది రోజుల్లో ఆవిడ గీసిన పన్నెండో మనిషిని నేనే, ఆ మనిషిని నా చేతులతో నేనే చెరిపేశాను.

"కొలవలేదు" అంది ఆవిడ నేల చూపులు చూస్తూ. "గుమ్మం దగ్గర బూట్లు చూశాను. నడుస్తుంటే చూశాను. ఎడమకాలు ఎనిమిది మిల్లీమీటర్లు పొట్టి."

"ఎవరిది?" అన్నాను.

"మీదే. నడుం నొప్పి వస్తుంటుంది కదా?"

వస్తుంది. కుర్చీ మంచిది కాదని మూడు కుర్చీలు మార్చాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నాకు తెలియని సంగతి, కన్నతల్లి కూడా చూడని సంగతి, పరిచయమై నిండా నెల కాని మనిషి నా అరిగిన బూట్లలో చదివేసింది. నాకు అంతగా భయం వేసింది ఎప్పుడూ లేదు, అంతగా సంతోషం కలిగిందీ లేదు.

మేస్త్రి గారు బూటుని బల్ల మీద పెట్టారు. "కొలత లేకుండా కుట్టింది మన గడప దాటదు. నీకు తెలుసుగా. కూర్చోబెట్టి కొలువు. నేను టీ తాగొస్తాను" అని, గొడుగు కూడా తీసుకోకుండా అంత వానలోకి వెళ్లిపోయారు.

ఆవిడ కాగితం నేల మీద పరిచి మోకాళ్ల మీద కూర్చుంది. చిల్లు సాక్సు విప్పక తప్పలేదు. పెన్సిల్ మడమ దగ్గర మొదలైంది.

"అడక్కుండా గీయడం తప్పే" అంది తల ఎత్తకుండా.

"నేను అడక్కుండా చెరిపేశాను. చెల్లుకి చెల్లు."

"ఎలా చెల్లుతుంది? మీరు చెరిపింది పన్నెండు మందిని."

పెన్సిల్ బొటనవేలు తిరిగి వస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేననిపించింది.

"నాకు మీరంటే ఇష్టం. అన్నిసార్లు వచ్చింది కంప్యూటర్ కోసం కాదు."

"కదలకండి."

"కదలడం లేదు."

"వణుకుతోంది" అంది. చూస్తే వణుకుతున్నది నా కాలు కాదు, ఆవిడ చెయ్యి. గీత చిటికెనవేలి దగ్గర వంకర పోయింది. ఆవిడ దాన్ని చెరిపి మళ్లీ గీసి, మొదలైన చోటికి తెచ్చి కలిపింది. అప్పుడు తల ఎత్తింది.

"ఆ పదకొండు పోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు. కార్డులున్నాయి కదా. ఈ ఒక్కదానికీ ఇంటికెళ్లి ఏడ్చాను. ఇష్టం లేని మనిషి కాళ్ల కోసం ఎవరైనా ఏడుస్తారా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కుడికాలు కూడా గీసింది, టేపు చుట్టి కొలిచింది, అన్నీ కొత్త కార్డు మీద రాసింది. ఆ సగం కుట్టిన బూటు తెచ్చి, లోపల మడమ కింద పలుచటి తోలు పొర ఒకటి వేసి, నా ఎడమకాలికి తొడిగింది. కుడికాలికి నా పాత బూటే తొడుక్కోమంది. నిలబడమంది.

నిలబడ్డాను. గది కొద్దిగా ఒరిగినట్టైంది. నిజానికి ఒరిగింది గది కాదు, ఇన్నేళ్లూ ఒక పక్కకి వాలి ఉన్నవాణ్ణి నేను.

ఎలా ఉందని అడిగింది, వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే గొంతుతోనే.

"పడిపోతానేమోనని ఉంది."

"మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. నన్ను పట్టుకోండి."

పట్టుకున్నాను. మేస్త్రి గారు తడిసి ముద్దై తిరిగొచ్చి గుమ్మంలో రెండుసార్లు దగ్గేదాకా వదల్లేదు.