ఒక గీతకు ఒకే పలక

కంచం కోత పూర్తయ్యేసరికి ఉప్మా కాస్తా చల్లారిపోయింది. వకుళ విసుక్కుంటూ గోడలోని యంత్రం మూత తెరిచి, అంచులింకా కాలుతున్న రెల్లు కంచాన్ని కొంగుతో పట్టుకుని బయటికి తీసింది. ఇల్లంతా మాడిన అప్పడం వాసన. కాకినాడలో ఏ ఇంటికి వెళ్లినా పొద్దున్నే ఇదే వాసన.

"మళ్లీ పువ్వుల అంచేనా? ఉత్త గుండ్రంగా కొయ్యమని చెప్పొచ్చు కదే," అన్నాడు ఆమె భర్త సూర్యప్రకాశం.

"చెప్పానండీ. నా మాట వింటేనా! మీకు పువ్వులే ఇష్టమని అదే తేల్చేసుకుంది."

కలప, ప్లాస్టిక్ నిషేధించాక జనానికి మిగిలింది రెల్లుపలక ఒక్కటే. కంచం, కుర్చీ, తలుపు, ఊయల, ఏదైనా సరే అడగడమే ఆలస్యం, కాంతికోత యంత్రం పలకను వెలుగుతో కోసి చేతికిస్తుంది. పాతబడిన వస్తువును దాని మింగుడుగూట్లో వేస్తే అరిగించుకుని మళ్లీ పలకగా మారుస్తుంది. సర్కారు దానికి బారెడు పేరు పెట్టింది గానీ, జనం మాత్రం కోతమ్మ అన్నారు. అడిగింది ఇవ్వడమే కాదు, అడగబోయేది ముందే పసిగట్టడం కూడా కోతమ్మకు వచ్చు. అబ్బో, ఆ తెలివికి ఊరంతా మురిసిపోయింది.

ఆ రోజు హంసిని సంవత్సరీకం. వకుళకు ఒక్కతే కూతురు. ఆరేళ్ల పిల్లను ఉప్పుజ్వరం ఎత్తుకుపోయింది. ఆ ఏడు ఆ వీధిలో చాలా ఇళ్లలో అదే జరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, చల్లబరచడానికి నీళ్లు చాలక ఫొటోలు దాచే కంప్యూటర్ల గోదాములన్నీ మూసేశారు. చనిపోయినవాళ్ల ముఖాలను మాత్రం గీతలుగా మార్చి ఉంచుకోనిచ్చారు, మనిషికొక గీత చొప్పున, కోతమ్మ దగ్గర. ఆ గీత ప్రకారం కోతమ్మ పలక నిండా సన్నటి చిల్లులు పొడుస్తుంది. వెనక దీపం పెడితే గోడ మీద పోయినవాళ్ల ముఖం నిలుస్తుంది. దాన్ని నీడపలక అంటారు.

మసి పట్టిన నీడపలకను సంవత్సరీకం నాడు మింగుడుగూట్లో వేసి కొత్తది కోయించుకోవడం ఆనవాయితీ. కోయించేటప్పుడు ఇంటివాళ్లు ఒక చిన్న మార్పు అడగాలి. దాని పేరు ముద్దుకోత. పిల్ల బతికుంటే తల దువ్వమా, బొట్టు దిద్దమా, ఇదీ అలాంటిదేనని అందరూ అనుకున్నారు. ఒక ఏడు వకుళ అత్తగారు చెవులు కాస్త చిన్నవి చేయించింది. మరో ఏడు సూర్యప్రకాశం ముక్కు సరిచేయించాడు. ఇంకో ఏడు పళ్ల మధ్య సందు పూడిపోయింది.

సన్నకోత పనికి ఇంట్లో యంత్రం చాలదు. వీధి చివర కోతకేంద్రానికి వెళ్లాలి. వకుళ వెళ్లేసరికి పక్కింటి నూకరత్నం అక్కడే ఉంది. ఆమె కొడుకు నాగేంద్ర కూడా ఆ జ్వరంలోనే, ఆ వారంలోనే పోయాడు. వకుళ పాత పలకను మింగుడుగూట్లో వేసి, కావలసిన మార్పు చెప్పి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఏవడిగారు వదినా ఈ ఏడు?"

"కళ్లు కాస్త పెద్దవి చెయ్యమన్నాను. నువ్వు?"

"నేనూ అదేనండీ! మావోడియి చింతాకంత కళ్లు, సచ్చినోడు..." అనేసి నూకరత్నం నాలిక్కరుచుకుంది. వకుళ ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

పలకలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. బల్ల మీద చల్లారబెట్టారు. నూకరత్నం ఒళ్లో వేసుకుని రెండింటి నుసీ కొంగుతో శుభ్రంగా తుడిచింది. తుడిచి, ఒకటి అందివ్వబోయి ఆగిపోయింది.

"వదినా, ఇందులో మీ అమ్మాయి ఏదండీ?"

పలకల మీద పేర్లుండవు. పోయిన పిల్లల పేరు నోటితో పిలవాలే గానీ కోయించకూడదని ఆ వీధి వాళ్ల పట్టింపు.

"అదేం మాట, తెలీదూ!" అంటూ వకుళ ఒక పలకను గుమ్మంలో ఎండకు అడ్డం పెట్టింది. గోడ మీద ముఖం పడింది. తీర్చిన ముక్కు, కోలకళ్లు, చిరునవ్వు. హమ్మయ్య అనుకుంది. నూకరత్నం రెండోది పెట్టింది. తీర్చిన ముక్కు, కోలకళ్లు, చిరునవ్వు. ఒకదాని మీద ఒకటి ఆనించి చూశారు. ఒక్క చిల్లూ మూసుకోలేదు.

వకుళ గబగబా వెళ్లి రెండు పలకలూ యంత్రం ముందు పెట్టింది. "పోల్చి చూడు. నా కూతురు ఏదో చెప్పు."

"పోల్చాను," అంది కోతమ్మ, పాఠం అప్పజెబుతున్నట్టు. "తేడా లేదు. కనుక రెండు గీతలనూ కలిపి ఒకటిగా భద్రపరిచాను. ఒక గీతకు ఒకే పలక అనుమతి. దయచేసి ఒకటి తిరిగి ఇవ్వండి."

"నిన్నెవరు కలపమన్నారే! ఆడపిల్లా మగపిల్లాడూ ఒకటెలా అవుతారు? మొదటి గీత తీసివ్వు, ఏ మార్పూ చెయ్యనిది."

"కొత్త గీత రాగానే పాతది తొలగిపోతుంది. మీరు ఏటా సమ్మతించారు. అడిగిన మార్పులతో పాటు, మీరు అడగబోయేవి కూడా చేశాను. అన్ని ఇళ్లవారూ ఇంచుమించు ఇవే అడుగుతారు. సాయంత్రంలోగా ఒక పలక ఇవ్వకపోతే రెండిళ్లకూ పలకల సరఫరా ఆగిపోతుంది."

నూకరత్నం చటుక్కున ఒక పలక లాక్కుని గుండెకు హత్తుకుంది. "ఇది మావోడే."

"ఎలా తెలుసు?"

"తెలుసంతే! నేనివ్వను వదినా. చంపినా ఇవ్వను." అంటూనే భోరుమంది.

వకుళకు ఒళ్లు మండిపోయింది. లాక్కోవాలనిపించింది. కానీ లాక్కుని ఏం చెప్పాలి? ఇది నా పిల్ల అనడానికి ఒక్క ఆనవాలు కావాలి కదా. మిగిలిన పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నేళ్లూ తాను ఎవరికి దీపం పెట్టినట్టు? ఈ పలక ఎదురుగా ఉండబట్టే అసలు పిల్ల ముఖం మరుగున పడిందేమో. ఇది తొలగితే హంసిని వస్తుందేమో. ఆ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చింది.

"ఏడవకు నూకరత్నం. ఉంచుకో," అని తన పలకను మింగుడుగూట్లో వేసేసింది.

ఇంట్లో సూర్యప్రకాశం పరమాన్నం వడ్డించి, దీపం వెలిగించి కూర్చున్నాడు. జరిగింది విని పిచ్చెత్తినట్టు లేచాడు. "మతి పోయిందా నీకు? పిల్లని పారేసి వచ్చావా!"

"పారేసింది పిల్లని కాదండీ. ఆరేళ్లు కళ్లముందు తిరిగింది, మనకు గుర్తుండదా ఏం? కూర్చోండి. కళ్లు మూసుకోండి. అదే వస్తుంది."

ఇద్దరూ ఖాళీ గోడకేసి కూర్చుని కళ్లు మూసుకున్నారు.

వకుళ ముందుగా హంసిని నూనె అంటించుకోనని మారాం చేసిన రోజు తలుచుకుంది. గౌను కనబడింది, జిడ్డు చేతులు కనబడ్డాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి తీర్చిన ముక్కు, కోలకళ్లు. కాదు కాదనుకుంది. గచ్చు మీద పడి గడ్డం పగిలిన రోజు తలుచుకుంది. నెత్తురు కారుతున్నా ముఖం చిరునవ్వు నవ్వుతోంది. ఆఖరికి ఏనాడూ తలుచుకోని ఆ రాత్రిని కూడా పట్టి లాగింది. జ్వరంతో పిల్ల మూలుగు చెవిలో స్పష్టంగా వినిపించింది. అమ్మా అని పిలవడం వినిపించింది. ముఖం మాత్రం చల్లగా నవ్వుతూనే ఉంది.

"వకుళా," అన్నాడు సూర్యప్రకాశం. అతని గొంతులో ఎన్నాళ్లకో సంతోషం. "నువ్వన్నది నిజమేనే. వచ్చింది. ఎంత చక్కగా నవ్వుతోందో!"

వకుళ కళ్లు తెరిచి ఖాళీ గోడను చూసింది.

"అవునండీ," అంది చివరికి. "నాకూ అలాగే కనబడుతోంది."