అక్షరాలు ఉన్నచోట ఉంటే చాలు

నర్సమ్మగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కేసరికి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి. నిన్న మధ్యాహ్నం దాకా అక్కడ ఆకుపచ్చ రంగూ, కిందివైపు బొమ్మలూ ఉండేవి. ఆస్పత్రి ఉద్యోగం వదిలి చాలా కాలమైనా వీధిలోవాళ్లు పెట్టిన నర్సమ్మ అన్న పేరు ఆవిడను వదల్లేదు. వార్డులో అలవాటైన గొంతూ వదల్లేదు.

"ఒరేయ్, మళ్లీ మీ బావ వచ్చి వెళ్లాడా?"

కొడుకు పళ్లు తోముకుంటూనే వచ్చి, తెర చూసి తల పట్టుకున్నాడు. "నేను పెట్టిన లినక్స్ మొత్తం తుడిచేసి బీఎస్డీ ఎక్కించాడమ్మా. నేను డ్యూటీలో, నువ్వు గుడిలో ఉన్నప్పుడు సందు చూసుకున్నాడు."

"పోయినవారం ఆయనది నువ్వు తుడవలేదూ?"

"అది వేరు."

వేరేమీ కాదు. పాత కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికేదే వేసుకుందామన్నంతవరకూ బావా బావమరుదులది ఒకే మాట. ఏది వెయ్యాలన్న దగ్గరే చెడింది. నిజానికి లినక్సూ, బీఎస్డీ రెండూ యూనిక్స్ అనే పాతకాలపు సాఫ్ట్‌వేరు తాతకు మనవలు. ఉత్తరం రాసుకోవాలన్నా, ఫొటో చూసుకోవాలన్నా ఏ ఒక్కటైనా చాలు. కానీ వీళ్ల పంతం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఫోను చెయ్యగానే పక్కవీధి నుంచి అల్లుడు నవ్వుతూ దిగాడు. "పేరూ పాస్‌వర్డూ కొట్టి, ఒక చిన్న ఆదేశం ఇస్తే తెర మామూలుగా వచ్చేస్తుంది అత్తయ్యా."

"ఆ ఆదేశం అమ్మ రోజూ కొట్టాలా?" అన్నాడు కొడుకు. "లినక్స్ అయితే ప్రింటరు పెట్టగానే పట్టుకుంటుంది బావా. ఆగిపోతే అడగడానికి ఎక్కడైనా పదిమంది దొరుకుతారు. నీదానికి దిక్కెవరు, నువ్వేగా?"

"ఇది ఒకే మేస్త్రీ కట్టిన ఇల్లు బావమరిదీ. నీది తలా ఒక గది కట్టి అతికించింది."

"ఆ ఇంట్లో కెమెరా పనిచేస్తుందా?"

"చేయిస్తాను. రేపు."

నర్సమ్మగారు గ్లాసు టక్కున బల్ల మీద పెట్టింది. "ఇద్దరూ కూర్చోండి."

కూర్చున్నారు.

"అల్లుడుగారూ, నేను దీన్ని దేనికి వాడతానో తెలుసా?"

"ఏవో వీడియోలు చూస్తారనుకుంటా."

"మా అక్కకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోన్లో అక్షరాలు నా కళ్లకు ఆనవు. అందుకని రోజూ పొద్దున్న ఇందులో నేను రాస్తాను, అటునుంచి తను రాస్తుంది. మీరు దీన్ని మార్చినప్పుడల్లా తెలుగు మీటలు మారిపోతున్నాయి. వీడిదాంట్లో 'అ' ఒకచోట, మీదాంట్లో ఇంకోచోట. 'అక్కా' అని కొట్టబోతే ఓత్వాలు వచ్చి పడుతున్నాయి. ఒక్క మాటకే తల ప్రాణం తోకకొస్తోంది. చివరికి రాయడం మానేశాను."

"చెబితే సరిచేసేవాళ్లం కదమ్మా."

"చెప్పనిచ్చారా? నోరు తెరిస్తే చాలు, నీది తప్పంటే నీది తప్పని మొదలు." "నిన్న అక్క కోడలు ఫోన్ చేసింది. 'చెవిటిదానితో వేగలేక మానేసినట్టుంది, దాన్నేమీ అనకండి' అందట అక్క. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి అనుకోవాల్సిన మాటేనా అది?"

కొడుకు మొహం పాలిపోయింది.

"అత్తయ్యా, మీ చేతికి అలవాటైన మీటలు ఏవి?" అల్లుడు మెల్లగా అడిగాడు.

"వాడు మొదట్లో పెట్టినవి."

"అయితే లినక్సే వేస్తాను."

"వద్దు బావా, నీదే ఉండనీ. ఆ మీటలు దీంట్లోనూ పెట్టొచ్చు కదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టొచ్చు. దేంట్లోనైనా కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. ఇన్నాళ్లూ ఒక్కరికీ తోచలేదు.

అల్లుడు తెర దానంతటదే వచ్చేలా చేసి మీటలు మార్చాడు, కొడుకు కుర్చీ ముందుకు జరిపాడు. నర్సమ్మగారు ఒక్కో అక్షరమే కొట్టింది. కొడుకు సాయానికి చెయ్యి చాపితే విదిలించి కొట్టింది. "అక్కా, నీ మీద విసుగు కాదే. ఇక్కడ" అన్నంతవరకూ వచ్చి, కళ్లలో నీళ్లు అడ్డమై మీటలు కనపడక పొరపాటున అంతే పంపేసింది.

వెంటనే అవతలి నుంచి జవాబు వచ్చింది.

"నిదానంగా కొట్టవే తల్లీ. నేనెక్కడికీ పోను."