గస్తీ పుస్తకంలో చించిన పేజీ

“ఒకే ఒక్క కాగితం. పదకొండింటి లోపల కాలిపోవాలి,” అన్నాడు బెదిర్ బే.

అంకారా గూఢచారి విభాగానికి ఆయనే చీఫ్. పంచదార ఎప్పుడో కరిగిపోయినా టీ గ్లాసులో స్పూను తిప్పుతూనే ఉన్నాడు. ఎదురుగా మేజర్ జునెయ్త్ అటెన్షన్‌లో ఉన్నాడు.

“టార్గెట్ లోట్జ్. వియన్నా ముఠా మనిషి. పైకి పొగాకు వ్యాపారి. లెఫ్టినెంట్ జనరల్ రుష్తూ పాషాను బ్లాక్‌మెయిల్ చేస్తున్నాడు. పదింటికి గాయని మెహ్లికా ఫ్లాట్‌లో మీటింగ్. పాషా నల్లసముద్రం రాడార్ల మ్యాప్ ఇవ్వాలి, వాడు కాగితం ఇవ్వాలి. మ్యాప్ రాకపోతే కాగితం పత్రికలకు పోతుంది.”

“మెహ్లికా ఎవరి మనిషి సార్?”

“సోమవారాలు వాళ్ల మనిషి. మిగతా రోజులు మన మనిషి.”

“ఇవాళ మంగళవారం.”

“అందుకే ధైర్యంగా పంపిస్తున్నాను. మ్యాప్ బయటికొస్తే ‘కాఫీ చల్లారింది’ అంటుంది. అప్పుడు పాషాను అరెస్టు చెయ్. రాకపోతే సెల్యూట్ కొట్టు. పదకొండింటికి కౌన్సిల్ ఆయన్ని ఫుల్ జనరల్ చేస్తుంది. ఏది జరిగినా కాగితం మాత్రం కాలాలి. సైన్యం పరువు.”

“అందులో ఏముందో తెలుసా సార్?”

“నాకక్కర్లేదు.”

జునెయ్త్‌కు తెలుసు. ఇరవై రెండేళ్ల కిందట తూర్పున కార్స్ సరిహద్దులో అతను కొత్తగా చేరిన లెఫ్టినెంట్, రుష్తూ మేజర్. తెల్లారితే ఇన్‌స్పెక్టర్ జనరల్ వస్తున్నాడని, ఆయన మెప్పు కోసం మేజర్ మంచుతుఫానులో గస్తీ పంపించాడు. సార్జెంట్ దుర్సున్ రెండుసార్లు వద్దన్నాడు. ఆ మాటలు, పైన మేజర్ ఆర్డరు, అన్నీ జునెయ్త్ డ్యూటీ ఆఫీసరుగా గస్తీ పుస్తకంలో ఎక్కించాడు. ఆరుగురు వెళ్లారు. ఆరుగురూ గడ్డకట్టి దొరికారు.

మర్నాడు మేజర్ ఆ పేజీ చింపించాడు. సార్జెంటే తాగి దారి తప్పాడని జునెయ్త్ చేతే కొత్త పేజీ రాయించాడు. జునెయ్త్ రాశాడు. పొందికైన అక్షరాలతో, సంతకంతో సహా. ఐదుగురి ఇళ్లకు అమరవీరుల జెండా వెళ్లింది. దుర్సున్ ఇంటికి వెళ్లలేదు. రుష్తూ కల్నల్ అయ్యాడు, బ్రిగేడియర్ అయ్యాడు, జనరలై పాషా అనిపించుకున్నాడు. ప్రతి ప్రమోషన్ విందుకూ జునెయ్త్ వెళ్లి, చప్పట్లు కొట్టి, కడుపు నిండా తిని వచ్చాడు. ఆ సిగ్గు అతనికి అలవాటైపోయింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది? చించిన పేజీని అప్పటి గుమాస్తా దాచుకున్నాడు. ఇప్పుడు లోట్జ్‌కు అమ్మాడు.

పదింటికి జునెయ్త్ అంటించిన మీసంతో, నీలం ఓవరాల్‌తో గ్యాస్ సిలిండర్ల వాడి వేషంలో మెహ్లికా ఫ్లాట్ కింద నిలబడ్డాడు. సిలిండర్ లోపల రేడియో రిసీవర్. పైన మెహ్లికా బల్ల మీద సిగరెట్ లైటర్, అందులో మైక్రోఫోన్. పాషా కారు వచ్చి ఆగింది. పాషా పైకెళ్లాడు. డ్రైవరు గుమ్మం పక్కన చతికిలబడి సిగరెట్ అడిగాడు.

“మీ అయ్యగారికి ఇవాళ ప్రమోషనటగా?” అన్నాడు జునెయ్త్, సిగరెట్ ఇస్తూ.

“అవునన్నా. కానీ పొద్దున్నించీ మనిషి మనిషిలా లేడు. కారు దిగుతూ నా భుజం పట్టుకుని, ‘హక్కు హలాల్ చెయ్యి నాయనా, నా వల్ల నీకేదైనా కష్టం కలిగి ఉంటే మన్నించు’ అన్నాడు. పాషా! డ్రైవర్ని! నాకు ఏడుపొచ్చేసింది. హలాల్ అన్నాను, ఇంకేమంటాను?”

జునెయ్త్ చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. హజ్‌కు వెళ్లేవాడు అడుగుతాడు ఆ మాట. ఆపరేషన్‌కు, యుద్ధానికి వెళ్లేవాడు అడుగుతాడు. ప్రమోషన్‌కు వెళ్లేవాడు అడగడు. ప్లాన్ ఎంత పకడ్బందీగా వేసుకున్నా, ఆ మాట అడక్కుండా చావుకు బయల్దేరడం ఈ దేశంలో ఎవరి వల్లా కాదు. పాషా మ్యాప్ అమ్మడానికి రాలేదు. లోట్జ్‌ను కాల్చి, కాగితం కాల్చి, తనను తాను కాల్చుకోవడానికి వచ్చాడు. గూఢచారులతో పోరాడి వీరమరణం! సైనిక లాంఛనాలు, బ్యాండు, జెండా. ఇక దుర్సున్ ఎప్పటికీ తాగుబోతే.

జునెయ్త్ కోడ్ వర్డ్ కోసం ఆగలేదు. సిలిండర్ వదిలేసి మెట్లెక్కి పరిగెత్తాడు.

తలుపు తీసేసరికి లోట్జ్ గోడకు ఆనుకుని చేతులెత్తి ఉన్నాడు. పాషా కుడిచేతిలో పిస్టల్, ఎడమచేతిలో పాత కాగితం, లైటర్. ఎర్ర సిల్కు గౌనులో మెహ్లికా కాఫీ ట్రే పట్టుకుని బిగుసుకుపోయింది. లైటర్ టిక్కుమంటోంది గాని వెలగడం లేదు.

“ఏం లైటరమ్మా ఇది!”

“వినేది, పాషా గారూ. మండేది కాదు,” అంది మెహ్లికా నీరసంగా.

పాషా లైటర్ విసిరికొట్టి బల్ల మీది అగ్గిపెట్టె అందుకున్నాడు. పిస్టల్ దించకుండానే, కాగితాన్ని ఆ చేతి వేళ్ల మధ్య ఇరికించి ఎడమచేత్తో పుల్ల గీశాడు. జునెయ్త్ మీసం పీకేసుకున్నాడు.

“నువ్వా!” అన్నాడు పాషా. “బయటికి పోరా. కాగితాన్ని కాలనివ్వు. దీనిమీద రాత నీది. నీ కొంప కూడా నిలబడుతుంది.”

నిజమే. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. చీఫ్ ఆర్డరు కూడా అదే. జునెయ్త్ ఆ క్షణం ఊరుకున్నాడు కూడా. ఆ తర్వాత జీవితమంతా తనను తాను క్షమించుకోలేకపోయింది ఆ ఒక్క క్షణానికే. కాగితం మూల అంటుకుంది. అప్పుడు దూకి మంటను పిడికిట్లో నలిపేశాడు. అదను చూసి లోట్జ్ పాషా మీదికి ఉరికాడు. మెహ్లికా ట్రేతో వాడి తల మీద ఒక్కటిచ్చింది. కాఫీతో సహా కిందపడ్డాడు.

పాషా పిస్టల్‌ను తన కణతకే పెట్టుకున్నాడు.

“మీ మీద జెండా కప్పుతారు పాషా గారూ. బాగుంటుంది,” అన్నాడు జునెయ్త్, కాలిన చెయ్యి దాచుకుంటూ. “మరి దుర్సున్‌కు ఎవరు కప్పుతారు? వాడు వద్దన్నాడు. రెండుసార్లు. ఇదిగో, రాసి ఉంది. చదవండి.”

పాషా చదవలేదు. కూలబడి, ముఖం రెండు చేతుల్లో దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. జునెయ్త్ పిస్టల్ తీసుకున్నాడు.

పదకొండింటికి కౌన్సిల్ ముందు పాషా ఆ పేజీ తనే చదివాడు. రాసింది తనేనని, మార్చి రాసిందీ తనేనని జునెయ్త్ పక్కన నిలబడి చెప్పాడు. బ్లాక్‌మెయిల్‌కు ఇక దాపరికం మిగల్లేదు. మ్యాప్ మ్యాప్‌గానే ఉంది. సాయంత్రానికి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి.

సెప్టెంబరులో ఇద్దరూ మామూలు బట్టల్లో సివాస్ దగ్గరి పల్లెకు వెళ్లారు. దుర్సున్ తల్లి గుల్లు అమ్మ గుమ్మానికి కొత్తగా వచ్చిన అమరవీరుల జెండా ఉంది. ఎవరని అడక్కుండానే ఆవిడ కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చింది.

“ఏం పని చేస్తావు నాయనా?”

“ఏమీ లేదమ్మా. ఉద్యోగం పోయింది,” అన్నాడు పాషా.

“అయ్యో, ఈ వయసులోనా! మా దుర్సున్ ఉంటే వాళ్ల మేజరుగారితో చెప్పించేవాడు. చాలా మంచాయనని ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు.”

పాషా తల దించుకునే అన్నాడు. “ఆ మేజరు నేనేనమ్మా. వాణ్ణి పంపింది నేనే.”

ఆవిడ అతన్ని చూసింది. లేచి, అతని చేతిలోంచి సగం తాగిన గ్లాసు లాక్కుంది. జునెయ్త్ గ్లాసూ తీసుకుంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇద్దరూ చీకటిపడేదాకా ఆ గుమ్మం ముందే నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు.

అంకారాలో బెదిర్ బే ఫైలు మూస్తూ ఆఖరి గడిలో రాశాడు: మిషన్ సక్సెస్. చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు, ఒక కాఫీ ట్రే సొట్టపోయింది.